చక్కెర లెక్క తెలుసుకోవడమూ హక్కే



హక్కుల సభలో మధుమేహం గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, విద్యార్థుల ఉపకార వేతనాలు మనం ఏళ్ల తరబడి చర్చిస్తున్న విషయాలు. కానీ ఆ హక్కుల కోసం నిలబడవలసిన మనుషులే యాభై ఏళ్లకు చూపు మందగించి, కాలిపుండుతో మంచం పట్టి, డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు కాకినాడకో రాజమండ్రికో తిరుగుతుంటే ఆ పని ఎవరు చేస్తారు? అందుకే ఈ విషయాన్ని మీ ముందుంచుతున్నాము.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన డెల్టా వరికి నిలయమైంది. పొద్దున ఇడ్లీ, అట్టు, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. పెళ్లికి బిర్యానీ, పండుగకు షీర్ ఖుర్మా. ఇరుగుపొరుగు తెచ్చే తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు సరేసరి. పొలంలో నడుము వంచి పనిచేసిన తరానికి ఆ అన్నం శ్రమలో కరిగిపోయేది. కోత యంత్రాలు, మోటారు సైకిళ్లు వచ్చాక శ్రమ తగ్గింది. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు.

ఫలితం ఏమిటో అంకెలే చెబుతున్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు నిండినవారిని పరీక్షించిన పరిశోధకుల నివేదిక 2006లో 'డయాబెటిస్ కేర్' పత్రికలో వెలువడింది. నూటికి 13 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతి అంతవరకు తెలియదు. ఇది పట్నవాసుల జబ్బు అన్న మాట మన పల్లెల్లో ఏనాడో చెల్లిపోయింది. అదే 2006లో సచార్ కమిటీ, ముస్లింలు ఎక్కువగా నివసించే గ్రామాల్లో వైద్య సదుపాయాల కొరతను దేశం ముందుంచింది. ఈ రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం మనకుంది.

రక్తంలో చక్కెర 250 ఉన్నా నొప్పి పుట్టదు. దాహం, మాటిమాటికి మూత్రం, నీరసం, చూపు మసకబారడం, పుండు మానకపోవడం వంటి గుర్తులు కొందరికి కనిపిస్తాయి, చాలామందికి ఏవీ కనిపించవు. ఆ నిశ్శబ్దంలోనే కళ్లు, మూత్రపిండాలు, నరాలలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. 'నాకేమీ బాధ లేదు, మాత్రలెందుకు?' అని మానేసినవారు, పసరు మందు నమ్మి ఇన్సులిన్ వదిలినవారు మనలో ఎందరో ఉన్నారు. బాధ లేకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు. పరీక్షలోని అంకె ఒక్కటే రుజువు.

కనుక కొన్ని అంకెలు ప్రతి ఇంటా గుర్తుండాలి. పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 గాని, అంతకు మించి గాని ఉంటే మధుమేహమే. లక్షణాలేవీ లేనప్పుడు మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. చికిత్సలో ఉన్నవారిలో ఎక్కువమందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉండడం లక్ష్యం. వృద్ధుల విషయంలో డాక్టరు కొంత సడలింపు ఇస్తారు.

అన్నం మానేయమని మేము చెప్పడం లేదు. కంచంలో సగం ఆకుకూరలు, కూరగాయలు, పావు వంతు పప్పు, చేప లేదా గుడ్డు, మిగిలిన పావు వంతు అన్నం ఉండాలి. భోజనమయ్యాక పావుగంట నడవాలి. మాత్ర వేళ తప్పకూడదు. చేలోనూ చెరువు గట్ల మీదా చెప్పులు లేకుండా తిరగవద్దు. రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. ఏడాదికొకసారి కంటి లోపలి పొర, మూత్రంలో ప్రోటీను పరీక్షించుకోవాలి. చక్కెర 300 దాటి దిగకుండా ఉండి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జ్వరం వచ్చి తిండి తగ్గినా సొంతంగా ఇన్సులిన్ ఆపరాదు.

రమజాను విషయం ప్రత్యేకంగా చెప్పాలి. 13 దేశాల్లో 12 వేలకు పైగా ముస్లిం మధుమేహ రోగులను పరిశీలించిన అధ్యయనం 2004లో వెలువడింది. రెండో రకం మధుమేహం ఉన్నవారిలో, చక్కెర విపరీతంగా పెరిగి ఆసుపత్రి పాలవడం ఆ నెలలో దాదాపు అయిదు రెట్లయిందని, ప్రమాదకరంగా పడిపోవడం అంతకన్నా ఎక్కువైందని తేలింది. కాబట్టి రజబ్ నెలలోనే డాక్టరును కలిసి, ఉపవాసం ఉండవచ్చునో లేదో, మందుల వేళలు, మోతాదు ఎలా మార్చాలో తెలుసుకోవాలి. వేలికి సూది గుచ్చి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు స్పష్టం చేశారు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. సహరీ వీలైనంత ఆలస్యంగా చేయాలి. ఇఫ్తారులో ఒకటి రెండు ఖర్జూరాలతో ఆపి, షర్బత్, వేపుళ్లు దూరం పెట్టాలి. రోగికి మినహాయింపు అల్ బఖరా సూరాలోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంటి ఆడవారి మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయమే. భర్తకు, అత్తగారికి వేళకు మాత్ర అందించే ఇల్లాలికి తన చక్కెర ఎంతో తెలియదు. అందరూ తిన్నాక మిగిలిన అన్నంతో ఆమె కడుపు నింపుకుంటుంది. కాన్పు సమయంలో చక్కెర కనిపించినవారికి తరువాత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. అటువంటి సోదరీమణులు బిడ్డకు మూడు నెలలు నిండేలోపు ఒకసారి, ఆ తరువాత ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలి.

30 ఏళ్లు దాటిన ప్రతివారికీ రక్తపోటు, మధుమేహ పరీక్షలు జరపడం జాతీయ ఆరోగ్య కార్యక్రమంలో భాగం. మెట్‌ఫార్మిన్ వంటి మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా అందవలసినవి. ఇది దయ కాదు, పౌరులుగా మన హక్కు. మన వీధికి ఆరోగ్య కార్యకర్త రాకపోతే, మందులు నెల మధ్యలో అయిపోతే, వ్రాతపూర్వకంగా అడుగుదాం. ప్రతి మస్జిదు కమిటీ నెలకొక జుమా నాడు పరీక్షలు ఏర్పాటు చేయాలి, స్త్రీలకు వేరుగా చోటు, సమయం కేటాయించాలి. పరీక్ష పట్టీలు కొనలేని పేద కుటుంబాలకు సదఖా సొమ్ముతో అందించాలి.

ఈ నెలలోనే మొదలుపెడదాం. వచ్చే సభకు ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో 30 దాటిన వారందరి చక్కెర లెక్క తీసుకుని రావాలని కోరుతున్నాము. ఆ జాబితాలో అమ్మ పేరు, భార్య పేరు ముందుండాలి.