ఉబ్బసానికి రెండు మందులు ఎందుకు?



ఉబ్బసంతో వచ్చిన మీ వాళ్ళకు డాక్టరుగారు చాలాసార్లు రెండు రకాల పీల్చే మందులు రాస్తారు. మళ్ళీ వచ్చేసరికి ఒకటే మిగులుతుంది. “సిస్టర్, ఆ పంపు కొడితే వెంటనే దమ్ము తగ్గుతుంది. ఇది కొట్టినా ఏమీ తెలియదు, అందుకే మానేశాం” అంటారు. మానేసిన ఆ మందే అసలు అవసరమైనది. ఎందుకో వినండి.

మన శరీరంలో ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. దాని మీద గ్రాహకాలు ఉంటాయి. తలుపు గొళ్ళెం కొడితే ఇంట్లోవాళ్ళు పలికినట్టు, మందు వచ్చి గ్రాహకానికి తగిలితే కణం లోపల పని మొదలవుతుంది.

సాల్బుటమాల్ అనే మందు ఊపిరి గొట్టాల కండరం మీది గ్రాహకాలకు తగులుతుంది. అప్పుడు కణంలో ఏటీపీ అనే పదార్థం నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారై కబురు మోస్తుంది. బిగుసుకున్న కండరం సడలుతుంది. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. కొద్ది నిమిషాల్లోనే గాలి ఆడుతుంది. ఆ సుఖం 4 నుంచి 6 గంటలు ఉంటుంది.

కాని గొళ్ళెం అదేపనిగా మోగుతుంటే కణం ఊరుకోదు. అరెస్టిన్ అనే ప్రోటీను గ్రాహకానికి అంటుకొని కబురును తగ్గిస్తుంది. తరువాత కణం ఆ గ్రాహకాన్ని లోపలికి లాక్కుంటుంది. లోపలికి వెళ్ళిన కొన్ని గ్రాహకాలు అక్కడి నుంచి కూడా కాసేపు కబురు పంపుతాయి. కొన్ని తిరిగి పైకి వస్తాయి. రోజూ పదేపదే మందు తగిలితే కొన్ని నశించి, పైన మిగిలేవి తగ్గుతాయి. ఇలాంటి గ్రాహకాల గుట్టు విప్పినందుకే లెఫ్‌కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకో సంగతి. సాల్బుటమాల్ కండరాన్ని సడలిస్తుంది గాని గొట్టాల లోపలి వాపును తగ్గించదు. ఆ పని బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ మందుది. దాని గ్రాహకం కణం పైన కాదు, లోపలే ఉంటుంది. రెండూ కలిసి కణ కేంద్రకంలోకి వెళ్ళి, వాపు పుట్టించే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. సాల్బుటమాల్‌కు కావలసిన గ్రాహకాలను కొత్తగా తయారు చేయిస్తాయి కూడా. దీనికి రోజులు, వారాలు పడుతుంది. అందుకే కొట్టగానే ఏమీ తెలియదు. పెద్దవాళ్ళకు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వడం మంచిది కాదని అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంఘం ‘గినా’ 2019లో సూచించింది.

కాబట్టి ఈ మాటలు గుర్తుంచుకోండి.

ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ మానవద్దు, డాక్టరు చెప్పినట్టు వాడండి. వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువ అవసరమైతే జబ్బు అదుపులో లేదని అర్థం, చూపించండి.

స్టెరాయిడ్ పంపు బాగున్న రోజున కూడా వాడాలి. వాడాక నోరు పుక్కిలించాలి. పంపును రంగు చూసి కాక, పేరు అడిగి గుర్తుపెట్టుకోండి.

మిరపకాయలు ఎండబెట్టే చోటికి, కట్టెల పొయ్యి పొగలోకి రోగిని వెళ్ళనివ్వకండి.

వానలకు ముందే మందు తెచ్చిపెట్టుకోండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, దారులు మూసుకుపోయాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు వాళ్ళకు ఆ కష్టం చెప్పనక్కరలేదు.

పంపు కొట్టినా తగ్గకపోయినా, నాలుగు గంటలు కాకముందే ఆయాసం తిరిగి వచ్చినా, మాట పూర్తిగా రాకపోయినా, పెదవులు నీలిబారినా తెల్లవారేదాకా ఆగకండి. పంపు కొడుతూనే వెంటనే 108కు ఫోన్ చేయండి.