సంచారవృత్తి – దాని జమాఖర్చులు



"ఒక్కచోట కూర్చుండి చేయు పని వద్దు, ఊరూర తిరుగు కొలువు కావలెను" అని కోరు యువకులు ప్రతి గ్రామమునను గలరు. పెద్దలు దానిని చపలత్వమని కసరుదురు. అది న్యాయము కాదు. తిరుగుటలో దోషము లేదు. ఏమి ఆర్జించుటకు తిరుగుచున్నాడో తెలియకుండుటయే దోషము.

నారాయణపేట సీమకు సంచారము క్రొత్త గాదు. ఇచ్చటి మగ్గములపై నేసిన చీరలు దూరదేశములకు పోయినవి. ఇచ్చటి అంగళ్లలో తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినవచ్చును. 1871లో రాయచూరు వద్ద బొంబాయి రైలుమార్గమును మద్రాసు రైలుమార్గమును కలిసిన పిదప, కృష్ణ యొడ్డున బండి యెక్కినవానికి రెండు మహానగరములును అందుబాటులోనికి వచ్చినవి.

కాని ఈ ప్రాంతమువారిలో పెక్కుమంది బండి యెక్కినది వేడుకతో గాదు, కరవుతో. పాలమూరు కూలీలు దేశములోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిరి, రాళ్లు కొట్టిరి. వారు చూచిన రాష్ట్రములు పండితులు సైతము చూచి యుండరు. అయినను మేస్త్రీ చూపిన చోటికి పోవుట ప్రయాణమే గాని, వృత్తిని ఎన్నుకొనుట కాదు. ఎన్నుకొనుటకు చేతిలో ఒక విద్య యుండవలెను.

ఇందులకు కావలి సోదరుల చరిత్ర చక్కని నిదర్శనము. వీరు ఏలూరువారు. కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతమున మెకంజీ దొర కొలువులో చేరెను. నిజాము రాజ్యమున భూమి కొలతలు చేసిన ఆ దొరకు దేశభాషలు రావు. బొర్రయ్యకు పలు భాషలు వచ్చును. ఆ భాషలే అతని దారిబత్తెము. అతడు ఊరూర తిరిగి శాసనముల నకళ్లు వ్రాసికొనెను. వృద్ధులను, అర్చకులను అడిగి స్థలచరిత్రలు సేకరించెను. 1803లో పిన్నవయసుననే అతడు మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. 1828లో విల్సను ప్రకటించిన పట్టికను బట్టి ఆ సంపుటములో 1568 గ్రంథములును, 8076 శాసన ప్రతులును గలవు.

ఇచట ఒక విశేషమును మరువరాదు. ఆ సంచారులకు సమాచార మిచ్చినవారిలో జీవితమంతయు ఒక్క ఊరనే గడపిన కరణములును గలరు. వారు భద్రపరచిన కవిలెల నుండియే పెక్కు కైఫీయత్తులు పుట్టినవి. నిలిచినవాడు దాచినందుననే తిరిగినవానికి దొరికెను. కావున ఊరిలో నిలుచువానిని సంచారి చిన్నచూపు చూడరాదు.

జమ చెప్పితిమి, ఖర్చును చెప్పవలెను. మెకంజీ 1821లో గతించెను. ఆ పనిని కొనసాగింపగోరి లక్ష్మయ్య చేసిన విన్నపము 1836లో కలకత్తా పండితసంఘము వారి యెదుట నిలువలేదు. ఈ దేశీయుడు అట్టి కార్యమునకు పెద్దగా నుండజాలడని వారు తలచిరి. ఏండ్ల తరబడి నడచిన కాళ్లకు, వ్రాసిన చేతికి అది తగిన ప్రతిఫలమా? ఒక్క దొర యాదరణపై నిలిచిన కొలువు ఆ దొరతోనే కూలినది. లక్ష్మయ్యకు పదవి మిగులలేదు. అతడు వ్రాయించిన కాగితములు మాత్రము మిగిలినవి. నేడు తెలుగు గ్రామముల పూర్వవృత్తాంతము వెదకువారు వానినే తెరచుచున్నారు.

కావున రైలు కొలువో, కొలతల శాఖయో, లారీ సారథ్యమో, మరొకటో కోరు యువకుడు బయలుదేరుటకు ముందు లెక్క చూచుకొనవలెను. ఈ తిరుగుడులో చేతికి ఏ విద్య చేరును? యజమాని మారినను అది తనతో వచ్చునా? తాను లేని దినములలో ఇంటి బరువు ఎవరి భుజములపై పడును? వారి సమ్మతి కలదా? తల్లియో భార్యయో మోయు బరువును లెక్కలో చేర్చనివాని జమ యంతయు తప్పుడు జమయే.

ఈ లెక్క సరిపోయినచో సంతోషముగా పంపవలెను. పోవువాడు పొరుగు భాష నొకదానిని ఈ గ్రంథాలయములోనే నేర్చి పోవుగాక; చూచినదానిని వ్రాసి పంపుగాక. ఇరువదియైదేండ్లుగా గ్రంథములను కాపాడిన ఈ బీరువాలో, ఈ ఊరి బిడ్డ స్వహస్తముతో వ్రాసిన ప్రయాణపు పుస్తకమునకును చోటు కలదు.