పెంచినోడి పాలెంత?

(తిరువూరు యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



మొన్న మా పేట నుంచి ఒకాయన నా దగ్గరికొచ్చాడు. కొడుకు ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. "సిటీ నుంచి అకాడమీ వాళ్లమని వచ్చారు మాస్టారూ, ఈ కాయితం మీద ఏలిముద్ర ఎయ్యమంటన్నారు" అన్నాడు. కాయితం ఇంగ్లీషులో ఉంది. ఎన్నేళ్లకో ఆయనకు తెలవదు. అందుకే ఇవాళ ఆట వెనక ఉన్న బేరం గురించి మాట్లాడతాను.

పాలికి పెంచడం మనకు తెలుసు. ఆసామి పెయ్యనిస్తాడు. మేత, నీళ్లు, చాకిరీ మనవి. పెద్దదయ్యాక వెలకట్టి సగం ఆసామికి, సగం పెంచినోడికి. మా అమ్మ పెంచిన పెయ్య పాలి డబ్బుతోనే నేను డిగ్రీ ఫీజు కట్టాను.

ఐరోపాలో పెద్ద క్లబ్బులు కుర్రాళ్లతో ఈ పనే చేస్తాయి. చిన్న వయసులో చవగ్గా కొంటాయి. తాము ఆడించకుండా వేరే క్లబ్బుకు లోను మీద పంపుతాయి. అక్కడ పేరొస్తే ధర పెరుగుద్ది. ఇంగ్లండు క్లబ్బు చెల్సీ 2012లో బెల్జియం కుర్రాడు డి బ్రైనాను సుమారు 70 లక్షల పౌండ్లకు కొన్నది. జర్మనీలో ఒక క్లబ్బుకు ఏడాది లోనిచ్చింది. 2014లో సుమారు కోటీ 80 లక్షల పౌండ్లకు అమ్మేసింది. చెల్సీకి లీగులో అతను ఆడింది 3 మ్యాచులే!

అందరికీ అట్లా కలిసిరాదు. బ్రెజిల్ కుర్రాడు లూకాస్ పియాజోన్ 2012లో చెల్సీకి వచ్చాడు. 2021లో బయటపడేలోగా 7 క్లబ్బులకు లోను మీద తిరిగాడు. లీగులో చెల్సీకి ఆడింది ఒక్క మ్యాచ్.

"జీతం వస్తది కదా మాస్టారూ" అంటారు. వస్తది. లోనుకు కుర్రాడి ఒప్పుదల కూడా కావాలి. కానీ "ఇక్కడ నీకు చోటు లేదు" అన్నాక ఒప్పుకోక ఏం చేస్తాడు?

వాళ్లు అమ్మేది ఒప్పందంలో మిగిలిన ఏళ్లను. గడువు తీరిన ఆటగాడు పైసా కట్టకుండా పోవచ్చని 1995లో బోస్మన్ కేసులో ఐరోపా కోర్టు చెప్పింది. అందుకే గడువు తీరకముందే అమ్ముతారు. ఎన్నేళ్లకు సంతకం పెడుతున్నామన్నదే అసలు సంగతి. 18 ఏళ్లు నిండనివాడితో మూడేళ్లకు మించి ప్రొఫెషనల్ ఒప్పందం చెయ్యకూడదని ఫిఫా నియమం.

మరి పెంచినోడి పాలెంత? ఆటగాణ్ణి ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అమ్మితే, 12 నుంచి 23 ఏళ్ల దాకా తయారుచేసిన క్లబ్బులన్నిటికీ కలిపి 5 శాతం. మన పేటలో సగం, అక్కడ నూటికి అయిదు! అదీ రికార్డులో పేరున్న క్లబ్బుకే. రాతలో లేని చెమటకు పాలి లేదు.

మనకిది కొత్త కాదు. రహీం మాస్టారి హైదరాబాద్ ఎంతమందినో తయారుచేసింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టాడు. అమ్ముగూడ పేరు ఎంతమందికి తెలుసు?

కాబట్టి రెండు పనులు చేద్దాం. మన పిల్లల టీముకు పేరు పెట్టి సంఘంలో నమోదు చేయిద్దాం, ప్రతి పిల్లాడి పేరూ పుట్టినతేదీ రాయిద్దాం. కాయితం వస్తే అడుగుదాం: ఎన్నేళ్లు? కాలు విరిగితే వైద్యమెవరిది? చదువెవరు చెప్పిస్తారు? మన నకలేది?

ఆయన ఇంకా ఏలిముద్ర వెయ్యలేదు. ఆ కాయితాన్ని తెలుగులో రాసి ఆదివారం పేటలో అందరి ముందూ చదువుతాను. మీరూ రండి.

జై భీమ్!