అద్దం ముందు అమ్మాయి



ఈ రోజు మాట అద్దం గురించి. అద్దం ముందు నిలబడే పిల్ల గురించి.

పొద్దున ఎనిమిది గంటలప్పుడు గుడ్లవల్లేరు సెంటర్లో నిలబడి చూడండి. కవుతరం వైపు నుంచి, గుడివాడ వైపు నుంచి బస్సులు వస్తాయి. ఆటోలు వస్తాయి. సైకిళ్లు వస్తాయి. పిల్లలు బిలబిలమంటూ దిగుతారు. ఒక బడి పిల్లలందరికీ ఒకటే యూనిఫాం. ఉన్న పిల్ల, లేని పిల్ల తేడా కనబడకూడదని యూనిఫాం పెట్టారు. బట్టల్లో తేడా పోయింది. మరి ముఖాల్లో తేడా?

తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లను అనుకుందాం. బాగా చదువుతుంది. సెలవు రోజున అమ్మతో నాట్లకు వెళుతుంది. ఒళ్లు నలుపు. బళ్లో జనవరి 26కి డాన్సు పెట్టారు. ఈ పిల్ల అడుగు తప్పకుండా వేస్తుంది. మిగతా వాళ్లకు నేర్పింది కూడా తనే. తీరా ఆ రోజు వచ్చేసరికి తనను వెనక వరసలో నిలబెట్టారు. ముందు వరసలో తెల్లగా ఉన్న నలుగురు పిల్లలు నిలబడ్డారు.

మర్నాడు పిల్ల మంచం దిగలేదు.

"ఏమే, బడికి టైమవలేదా?" అంది తల్లి.

"తలనొప్పిగా ఉందమ్మా. వెళ్లను."

తల్లికి సంగతి తెలిసింది. "వెనక నిలబడితే ఏమైందే? డాన్సు ఏమన్నా అన్నం పెడుతుందా?" అంది.

తల్లి మాట అబద్ధం కాదు. కాని ఆ వయసులో పిల్లలకు అన్నం ఒక్కటే చాలదు. పదమూడు ఏళ్లు దాటాక పిల్లలకు తోటివాళ్ల మాటే పెద్ద మాట. అమ్మ బాగున్నావన్నా నమ్మరు. పక్క బెంచీ పిల్ల బాగాలేవంటే మాత్రం వెంటనే నమ్ముతారు.

ఏ తరగతిలోనైనా చూడండి. ఒక పిల్ల చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఆమె కూర్చున్న బెంచీలో చోటు కోసం పోటీ పడతారు. ఆమె చిలకలపూడి రోల్డు గోల్డు జూకాలు పెట్టుకొస్తే వారం తిరక్కుండా ఇంకో నలుగురు అవే పెడతారు. ఇంకో పిల్ల ఒక్కతే అన్నం తింటుంది. ఆమెకు పేరు కూడా ఉండదు. కర్రిది, బండది, సోడాబుడ్డి, పొట్టిది. ఇవే పేర్లు. మగపిల్లలకూ ఈ బాధ ఉంది. ఎత్తు ఎదగని వాణ్ణి, గొంతు ఇంకా మారని వాణ్ణి ఏడిపిస్తారు. కాకపోతే మగపిల్లవాడు నాలుగు సిక్సర్లు కొడితే ఆ పేరు పోతుంది. ఆడపిల్లకు అంత తేలిగ్గా పోదు.

ఇప్పుడు దీనికి సెల్‌ఫోను తోడైంది. ఫోటో తీస్తే ఫోనే ముఖాన్ని తెల్లగా, నున్నగా చేసి చూపిస్తుంది. అది చూసుకుని మురిసిన పిల్ల తర్వాత అద్దం చూస్తుంది. అద్దంలో వేరే పిల్ల కనబడుతుంది.

పెద్దవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 1973లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. అయిదో తరగతి టీచర్లకు ఒక పిల్ల మార్కుల కాగితం ఇచ్చారు. అందరికీ ఇచ్చింది ఒకే మార్కులు. దానికి అంటించిన ఫోటోలు మాత్రం వేరు. కొందరికి అందమైన ముఖం, కొందరికి అంత అందం లేని ముఖం. ఈ పిల్ల ఎలాంటిదో చెప్పండి అని అడిగారు. అందమైన ఫోటో చూసిన టీచర్లు ఆ పిల్ల తెలివైనదన్నారు. పెద్ద చదువులు చదువుతుందన్నారు. తోటి పిల్లల్లో మంచి పేరు ఉంటుందని కూడా అన్నారు. ఇంకో ఫోటో చూసినవాళ్లు అంత చెప్పలేదు. మార్కులు అవే కదా! చదువు చెప్పే వాళ్ల కళ్లే ఇలా ఉంటే పిల్లల్ని అని ఏం లాభం?

అసలు ఈ పాఠం మొదలయ్యేది బళ్లో కాదు, పురిటి మంచం దగ్గర. ఆడపిల్ల పుట్టిందనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట ఏమిటి? "రంగు ఎవరిది? తల్లిదా, తండ్రిదా?" బిడ్డ తెల్లగా పుట్టాలని కడుపుతో ఉన్నామెకు పాలలో కుంకుమ పువ్వు వేసి ఇస్తారు. డబ్బు దండగ. రంగు తల్లిదండ్రుల నుంచి, తాతముత్తాతల నుంచి వస్తుంది. పాలలో కలిపిన పువ్వుతో రాదు.

తల్లుల భయం ఊరికే పుట్టింది కాదు. పెళ్లిచూపుల్లో రంగు చూస్తారు. రంగు తక్కువైతే కట్నం ఎక్కువ అడుగుతారు. కట్నం తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చింది. అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. అందుకే తల్లి "ఎండలో తిరక్కే, నల్లబడతావు" అంటుంది. ప్రేమతోనే అంటుంది. పిల్లకు మాత్రం అది వేరేగా వినబడుతుంది. నలుపు అంటే తప్పు అన్నట్టు వినబడుతుంది.

నలుపు అంటే ఏమిటి? మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంది. ఎండలో ఒంటికి చెరుపు చేసే కిరణాలు ఉంటాయి. వాటిని మెలనిన్ అడ్డుకుంటుంది. అది ఎక్కువ ఉంటే ఒళ్లు నలుపు, తక్కువ ఉంటే తెలుపు. కృష్ణా డెల్టాలో మే నెల ఎండ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కరలేదు. ఆ ఎండలో పనిచేసే మనిషికి దేవుడిచ్చిన గొడుగు అనుకోండి.

ఆ గొడుగును తీసేస్తామని చెప్పి కోట్ల వ్యాపారం నడుస్తోంది. 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము వచ్చింది. తెల్లబడిన పిల్లకు పెళ్లి కుదిరినట్టు, ఉద్యోగం వచ్చినట్టు టీవీల్లో చూపించారు. జనం తప్పుపట్టగా పట్టగా 2020లో ఆ కంపెనీ పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసింది. గ్లో అండ్ లవ్లీ అని పెట్టింది.

అంతకంటే ప్రమాదమైనవి ఇంకో రకం ట్యూబులు. ఇవి స్టెరాయిడ్ కలిసిన మందులు. కొన్ని చర్మ రోగాలకు డాక్టర్లు కొద్ది రోజులు వాడమని రాసేవి. రాస్తే ముఖం తొందరగా తేటపడుతుంది. అందుకని ఒకరిని చూసి ఒకరు కొంటారు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. ఎర్రబడుతుంది. మొటిమలు లేస్తాయి. ముఖం మీద వెంట్రుకలు కూడా వస్తాయి. ఇలాంటి చాలా మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం చెప్పింది. ట్యూబు మీద బెటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ఉంటే అవి ఈ రకమే. పేరు ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లతో చదివించుకోవచ్చు.

అందం సంగతి మన కృష్ణా జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాలా? మొవ్వ మండలంలోనే కూచిపూడి ఉంది. అక్కడ వేదాంతం సత్యనారాయణ శర్మ గారు 1935లో పుట్టారు. మగమనిషి. సత్యభామ వేషం కట్టి, జడ ముందుకు వేసుకుని రంగం మీదికి వస్తే ఆడవాళ్లే కళ్లప్పగించి చూసేవారు. సత్యభామ అంటే ఎవరు? తన అందం చూసుకుని మిడిసిపడిన మనిషి. ఆ అందాన్ని చూపించింది ఒక మగాయన నడక, చూపు, మెడ తిప్పే తీరు. ఒంటి రంగు కాదు. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు కూడా చిన్నతనంలో నాటకాల్లో ఆడవేషాలే వేశారు. సినిమాల్లో హీరో అయింది ఆ తర్వాతే. గుడివాడలో ఆయన పేరుతో కాలేజీ ఉంది.

ఇంకొక అమ్మాయి ఉంది. పేరు నీనా దావులూరి. అమెరికాలో పుట్టింది. తల్లిదండ్రులది విజయవాడ. ఆ అమ్మాయి కూచిపూడి నేర్చుకుంది. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా పోటీలో గెలిచింది. భారతదేశం మూలాలున్న అమ్మాయి గెలవడం అదే మొదటిసారి. ఆ రాత్రే అక్కడ కొందరు ఆమెను నానా మాటలు అన్నారు. మన దేశంలో మాట ఇంకోలా వచ్చింది. ఇంత చామనఛాయ పిల్ల ఇక్కడి పోటీలో అయితే గెలిచేదా అని పత్రికలు రాశాయి. ఆ తర్వాత ఆమె రంగు వివక్ష మీద ఊరూరా మాట్లాడింది. అందాల పోటీలే మంచివని కాదు ఈ మాట. స్విమ్మింగు బట్టల్లో నడిపించి మార్కులు వేసే పోటీని మెచ్చుకోవాల్సిన పని లేదు. ఒకచోట కిరీటం పెట్టిన రంగుకే ఇంకోచోట వెనక వరస ఇస్తారు. అది చూడండి.

రంగు ఒక్కటే కాదు. లావయిపోతానని రాత్రి అన్నం మానేసే పిల్లలు ఉన్నారు. 2019-21 జాతీయ సర్వేలో మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలింది. రక్తం లేని ముఖం పాలిపోతుంది. దాన్ని చూసి తెల్లబడ్డావే అనేవాళ్లు కూడా ఉన్నారు! బళ్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అందుకే. మొటిమలు ఆ వయసులో ఒంట్లో వచ్చే మార్పుల వల్ల వస్తాయి. గిల్లితే మచ్చలు పడతాయి.

సరే, మన పిల్ల దగ్గరికి వద్దాం. నాలుగు నెలలు గడిచాయి. పుస్తకాల సంచి దులుపుతుంటే తల్లికి ఒక ట్యూబు దొరికింది. సగం అయిపోయి ఉంది. ధర అంకెలు తల్లే చదువుకుంది.

"ఇది ఏమిటో చదివి చెప్పవే."

పిల్ల తల వంచుకుంది. తర్వాత కూడబలుక్కుని చదివింది. "బె... టా... మె..."

తల్లి తిట్టలేదు. "నిన్ను కర్రిదానా అని ముద్దుగా పిలిచింది నేనే కదే" అంది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మర్నాడు కూలి మానుకుని పిల్లను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇలాంటి మందు ఒక్కసారిగా మానేస్తే ముఖం మండి, ఇంకా ఎర్రబడవచ్చు. అందుకే డాక్టరమ్మ చూసి, ఎలా తగ్గించాలో చెప్పింది. పిల్ల కొన్నాళ్లు ముఖానికి చున్నీ చుట్టుకుని బడికి వెళ్లింది. కాని వెళ్లింది.

ఆగస్టు 15కి బళ్లో మళ్లీ డాన్సు పెట్టారు. ఈసారి తల్లి బడికి వెళ్లింది.

"టీచరు గారూ, వరసలు ఎలా కడతారండీ?" అని అడిగింది.

టీచరు కాసేపు ఆగింది. "ఎత్తును బట్టి కడతామమ్మా. పొట్టివాళ్లు ముందు" అంది.

పిల్ల అందరిలోకీ పొట్టిది.