ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇండియా ఆఖరి గోల్ ఎవరిది?

అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ ఫుట్‌బాల్ గురించండి. క్రికెట్ వాళ్లు కూడా ఉండండి, పది నిమిషాలే.

మొన్న సాయంత్రం ఇక్కడ గ్రౌండ్‌లో ఆడుకుంటున్న కుర్రాళ్లని ఊరికే అడిగాను, స్వీడన్ స్ట్రైకర్ల పేర్లు చెప్పండ్రా అని. జ్లాటన్ అన్నారు, ఇసాక్ అన్నారు, గ్యోకెరెస్ అన్నారు. గోల్ కొట్టాక గ్యోకెరెస్ వేళ్లు ముడిచి మూతికి అడ్డం పెట్టుకుంటాడు కదా, ఒకడైతే అది కూడా చేసి చూపించాడు. బాగుంది. మరి మన తెలుగు నేల మీంచి ఒలింపిక్స్‌కి వెళ్లి గోల్ కొట్టిన స్ట్రైకర్ పేరు చెప్పండ్రా అన్నాను. అందరూ ఫోన్లు తీశారు!

వాళ్లని తప్పు పట్టడానికి లేదండి. ఆ ఆటగాడికి రీల్ లేదు. మనం చూసి వావ్ అనుకోడానికి వీడియో ఏదీ మన ఫోన్‌లోకి రాదు. అందుకే నేను ఈయన గురించి నోటితో చెప్పాల్సి వస్తోంది.

పేరు తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. అమ్మానాన్నలది తమిళ కుటుంబం, డబ్బున్న ఇల్లు కాదు. కానీ ఆయన పుట్టింది, పెరిగింది, బంతి తన్నడం నేర్చుకున్నది అంతా మన దగ్గరే. ఇప్పుడు అమ్ముగూడకి సొంత రైల్వే స్టేషన్ ఉంది. మా అమలాపురానికి ఇంకా రైలే రాలేదు, ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

బలరాం కథ చెప్పాలంటే ముందు ఒక పెద్దాయన గురించి చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ టీమ్ బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. ఐదుసార్లండి! రహీం సాబ్ నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. పిల్లలకి టోర్నమెంట్ పెట్టి, రాని కాలితోనే బంతి తన్నాలి అనేవారు. ఇంకో టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ బంద్, పాస్ మాత్రమే. కుడికాలి వాడు ఎడమకాలితో వారం రోజులు ఆడి చూడండి, మెదడు ఎలా తిరుగుతుందో మీకే తెలుస్తుంది.

ఆయన కళ్లలో పడ్డాడు బలరాం. అమ్ముగూడ నుంచి ప్రాక్టీస్‌కి రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకి రహీం సాబే ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ ఏడాదే, అంటే 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన ఇండియా టీమ్‌లో ఈ 20 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు. ఆ ఒలింపిక్స్‌లో ఇండియా ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లింది. నాలుగో స్థానం. ఇది ఇండియా ఫుట్‌బాల్ గురించేనా అని మళ్లీ వెనక్కి జరిపి వింటున్నారేమో, అవును, మనదే.

తర్వాత కలకత్తా. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లారు. ఎడమ వింగ్‌లో ఆడగలరు, మధ్యలో ఆడగలరు, కొంచెం వెనక్కి దిగి బంతి అందుకుని మళ్లీ పైకి రాగలరు. ఇప్పటి కామెంటేటర్లు ఇలాంటి వాళ్లకి రకరకాల పేర్లు పెడుతున్నారు గానీ, రహీం సాబ్ ఫార్వర్డ్స్‌తో 1950లలోనే ఈ ఆట ఆడించారు. ఈస్ట్ బెంగాల్‌కి బలరాం కొట్టినవి 104 గోల్స్. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించారు. లక్షలమంది బెంగాలీలు ఒక హైదరాబాదీ పేరు పెట్టి అరిచిన రోజులవి.

ఇప్పుడు టైటిల్‌లో అడిగిన ప్రశ్నకి వద్దాం. 1960, రోమ్ ఒలింపిక్స్. మన గ్రూప్‌లో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ అంటే అప్పట్లో మామూలు టీమ్ కాదు. వాళ్ల ఫ్లోరియన్ ఆల్బర్ట్ తర్వాత 1967లో బాలన్ డి ఓర్ గెలిచాడు. ఆ ఆల్బర్ట్ మనమీద గోల్ కొట్టాడు, 2-0 అయింది. అక్కడితో చేతులెత్తేయొచ్చు. కానీ బలరాం ఒకటి వెనక్కి ఇచ్చాడు. 2-1తో ఓడాం. తర్వాత ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, మన గోల్ పీకే బెనర్జీది. ఆఖరి మ్యాచ్ పెరూతో 1-3. ఆ ఒక్క గోల్ కూడా బలరాందే.

గ్రూప్‌లో ఆఖరి స్థానం మనదే, దాచేది లేదు. కానీ ఆ తర్వాత ఇండియా ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌కి మళ్లీ క్వాలిఫై కాలేదు. 1964లో లేదు, మొన్న 2024లో లేదు. అంటే పెరూ మీద బలరాం కొట్టిన ఆ గోల్, ఒలింపిక్స్‌లో ఇండియా కొట్టిన ఆఖరి గోల్‌గా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఇది రికార్డు అనాలో, ఏమనాలో నాకు తెలీదండి.

రెండేళ్ల తర్వాత 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2. తర్వాత థాయ్‌లాండ్, జపాన్, దక్షిణ వియత్నాం మీద వరసగా గెలుపులు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తోంది. 2-1తో గెలిచాం, గోల్డ్. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం: ఈ ముగ్గురు ఫార్వర్డ్స్ పేర్లు కలిపే చెప్పేవారు. ఆ ఏడాదే బలరాంకి అర్జున అవార్డు.

ఈ కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది, అజయ్ దేవగణ్ రహీం సాబ్‌గా చేశారు. చూడనివాళ్లు చూడండి. సినిమా ఎక్కడ ఆగుతుందో ఆ తర్వాత జరిగిందే నన్ను ఎక్కువ కలిచివేసింది.

1963 జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. జకార్తాకి ఆ జబ్బుతోనే వెళ్లారు. అదే 1963లో బలరాంకి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట ఆగిపోయింది. 27 ఏళ్లకి. ఇసాక్ లాంటి వాళ్ల కోసం క్లబ్బులు వందల కోట్లు పెట్టి ఎగబడతాయి. మన దగ్గర మొదటి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైందే 1996లో. బలరాం కాలంలో ఆటగాడికి అన్నం పెట్టింది ఉద్యోగం. ఆయనకి అది రైల్వే. అందుకే మీ ఇంట్లో అమ్మ "ముందు చదువు చూసుకో" అంటే విసుక్కోకండి. ఆట వద్దని నేను అనను, మోకాలికో ఊపిరితిత్తికో ఏదైనా అయితే ఇంట్లో బియ్యం ఎలా వస్తాయన్న లెక్క అమ్మకి ఉంటుంది.

ఆట ఆగాక ఆయన ఇంకో 60 ఏళ్లు బతికారు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఉండేవారు. చునీకి, పీకేకి పద్మశ్రీ వచ్చింది. ఆయనకి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న పోయారు, మైదాన్ రిలీజ్‌కి 14 నెలల ముందు. తన పాత్ర తెర మీద పరిగెత్తడం చూడకుండానే.

ఇక్కడ మా ఊరి సాత్విక్ సాయిరాజ్ గుర్తొస్తాడు. అమలాపురం కుర్రాడు, బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. 2023లో అతని స్మాష్ స్పీడ్ గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్లు కొలిచి రాసుకున్నారు. ఆ అంకె మా దగ్గర ఎనిమిదో క్లాస్ పిల్లాడికి కూడా తెలుసు. బలరాం షాట్‌ని ఎవరూ కొలవలేదు.

చునీ, పీకే ఇద్దరూ 2020లో పోయారు. ఇప్పుడు మన తాతల తరంలో ఆ ఆట కళ్లారా చూసినవాళ్లు ఎంతమంది మిగిలారు? మీ ఇంట్లో 80 దాటిన పెద్దవాళ్లు ఎవరైనా హైదరాబాద్‌లోనో, కలకత్తా రైల్వేలోనో పనిచేసి ఉంటే, ఈరోజే అడగండి, బలరాం ఆట చూశారా అని. చూశామంటే ఫోన్‌లో రికార్డ్ చేసి నాకు పంపండి. రెండు నిమిషాలదైనా సరే, ఇదే ఛానల్‌లో పెడతాను.

వచ్చే ఎపిసోడ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్, ఆ ఐదు రోవర్స్ కప్పుల సంగతి. ఉంటానండి.