పాత పెద్దకారు

ఒకప్పుడు ఊరిలోనికి కారు వచ్చినదన్న అధికారి వచ్చినాడని అర్థము. తెల్లని అంబాసిడరు చింతపల్లిలో ఆగినచో, వచ్చినవారు కలెక్టరుగారో, ఇంజనీరుగారో, అటవీశాఖ పెద్దలో అయియుందురని జనులు ఊహించుకొనెడివారు. ఆ వెనుక సీటున కూర్చుండు భాగ్యము తమకును కలుగునని తలచినవారు బహు కొద్దిమంది. కాలము మారినది. నేడు అట్టి పెద్దకార్లు పదేండ్లు, పండ్రెండేండ్లు సేవచేసి, క్రొత్త చిన్నకారు ధరకన్న తక్కువకే సామాన్య గృహస్థుని వాకిటికి చేరుచున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని కొనునప్పుడు చౌకయైనది ఉంచుకొనునప్పుడును చౌకయగునా? ఈ విషయమును శ్రోతలతో కొంచెముసేపు ముచ్చటింపదలచినాము.

ముందుగా అంబాసిడరు సంగతి చెప్పుకొందము. ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారమున హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరి నుండి 2014 వరకు దానిని తయారుచేసినారు. ఇన్నేండ్లలో దాని ఆకారము పెద్దగా మారలేదు. అందువలన విడిభాగములు ఎక్కడనైనను దొరకెడివి. చిన్న ఊరి మెకానిక్కునకు సైతము దాని మర్మము తెలిసియుండెడిది. తుప్పు పట్టుట, తరచు గ్రీజు అడుగుట దాని బలహీనతలు. సుత్తితోను, పానాతోను బాగుచేయ వీలగుట దాని బలము. ఇటీవలి పెద్దకార్ల తీరు వేరు. వానియందు ఇంజనునకు తోడు కంప్యూటరు పెట్టెలును, సెన్సారులును చేరినవి. ఒక చిన్న సెన్సారు చెడినను బండి మొరాయింపవచ్చును. కావున కొనదలచినవారు వేసికొనవలసిన మొదటి ప్రశ్న ధరను గూర్చినది కాదు. ‘దీనిని బాగుచేయగలవారు మా ఊరికి ఎంత దూరమున ఉన్నారు?’ అన్నదే ఆ ప్రశ్న.

చింతపల్లి ప్రాంతమున కాఫీ, మిరియములు పండించు మా మిత్రులొకరు కొన్నేండ్ల క్రిందట ఇట్టి కారొకటి కొన్నారు. వారి తల్లిగారు మోకాళ్ల నొప్పులచేత జీపు ఎక్కలేరు. “అమ్మను నర్సీపట్నం ఆసుపత్రికి సుఖముగా తీసికొనిపోగలిగిన చాలునండీ, నాకు హోదా ఎందుకు?” అని వారు మాతో అన్నారు. బేరమునకు మమ్మును తోడు రమ్మన్నారు. మేమును పోయి చూచినాము. రంగు మెరయుచున్నది, సీట్లు మెత్తగా ఉన్నవి, తలుపు వేసినప్పుడు వచ్చిన బరువైన చప్పుడు విని ఇద్దరమును మురిసినాము. బండి క్రిందకు వంగి చూచినవారము మాత్రము ఇద్దరిలో ఒక్కరమును కాము. ఆ తప్పులో మాకును భాగము కలదు.

నర్సీపట్నం నుండి చింతపల్లికి మార్గము లంబసింగి ఘాటుమీదుగా ఎక్కును. ఈ కొండదారికి పెద్ద చరిత్ర కలదు. ఇచట రోడ్డు పనులలో గిరిజనులచే చాలీచాలని కూలికి వెట్టిచాకిరి చేయించుట నాటి మన్యము ఆగ్రహమునకు ఒక కారణము. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణాపై దాడిచేసి ఆయుధములను తీసికొనిపోయినాడు. నేడు అదే కొండపై మోటారు బండ్లు ఎడతెగక తిరుగుచున్నవి. అయినను వాలు వాలే, మలుపు మలుపే.

కారు కొన్న రెండవ నెలలో మా మిత్రులు తల్లిగారిని వెనుక కూర్చుండబెట్టుకొని ఘాటు దిగుచుండిరి. పెద్ద గేరులోనే ఉంచి, దారిపొడవునను బ్రేకు నొక్కుచు వచ్చినారు. కొంతదూరము దిగినపిదప కాలిన వాసన వచ్చినది. అంతలో కాలిక్రింది పెడలు ప్రత్తిమూటవలె మెత్తగా దిగిపోయినది. వారు ధైర్యము చెదరక చిన్న గేరులోనికి మార్చి, చేతిబ్రేకును కొద్దికొద్దిగా లాగుచు, కొండవైపు గట్టునకు ఆనించి బండిని నిలిపినారు. “ఏమిరా, ఇక్కడ ఆపినావేమి?” అని తల్లిగారు అడిగినారట. ఆ క్షణమున తన నోట మాట రాలేదని వారు మాతో చెప్పినారు.

కారణము మిక్కిలి చిన్నది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. ఏండ్ల తరబడి మార్చనిచో అందులో నీరు చేరి, తక్కువ వేడికే మరగును. మరగినప్పుడు ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కుడునకు లొంగదు కాని ఆవిరి లొంగును. అందుచేత పెడలు దిగును, చక్రము ఆగదు. రెండేండ్లకొకసారి ఆ నూనె మార్చుటకు అగు ఖర్చు స్వల్పము. ఏ గేరులో ఘాటు ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనన్న పాత డ్రైవర్ల నియమమునకు ఖర్చే లేదు.

ఇక కొనునప్పుడు చూడవలసినవి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి ఉంచిన బండి తన జబ్బు దాచును. నీలిపొగ వచ్చిన ఇంజనాయిలు కాలుచున్నదని తెలియవలెను. తెల్లపొగ ఎంతకును ఆగనిచో రేడియేటరు నీరు లోనికి పోవుచున్నదేమోయని అనుమానింపవలెను. ఆయిలు మూత తీసి చూచినప్పుడు మీగడవంటి పదార్థము కనిపించినను అదే అనుమానము. ఇనుప రేకుకు అయస్కాంతము అంటుకొనని చోట రంగు క్రింద పుట్టీ ఉండవచ్చును. మీటరులోని కిలోమీటర్లు తక్కువగా ఉండి, పెడళ్ల రబ్బరు అరిగియున్నచో రబ్బరునే నమ్మవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలుండును: మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. గాట్లు లోతుగానున్నను, వయసు మీరిన టైరు ఘాటునకు పనికిరాదు.

కొండ ఎక్కినకొలది గాలి పలుచనగును. ఆ కారణముచే 1000 మీటర్ల ఎత్తున మామూలు ఇంజను శక్తి సుమారు పదవవంతు తగ్గును. నీరు 97 డిగ్రీలకు లోపలనే మరగును. రేడియేటరు మూత లోపలి ఒత్తిడిని నిలిపి ఆ మరుగుటను ఆపుచుండును. కావున మూత, గొట్టములు దృఢముగా ఉండవలెను. బండి వేడిగానున్నప్పుడు మూత తీయరాదు. లంబసింగిలో డిసెంబరు, జనవరి చలికి పాత బ్యాటరీ ఉదయము పలుకదు. వానకాలము బండి కదలక నిలిచినచో ఎలుకలు వైర్లు కొరుకును. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. అందుకు తగినట్లు చేయని పాత రబ్బరు గొట్టములను ఏటేట పరీక్షింపవలెను.

కాగితముల విషయమున మొగమాటము కూడదు. అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను బదిలీ సంగతి రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని ఒకే రాష్ట్రమునందలి బండ్లకు చట్టము చెప్పుచున్నది. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమానియని, ప్రమాదము జరిగిన బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పు తీరినట్లు పత్రమున్నదా, బీమా తమ పేరికి మారినదా చూచుకొనవలెను. 15 సంవత్సరములు నిండిన సొంత కారునకు పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. పండ్రెండేండ్ల బండి కొనువారు ఈ ఖర్చును ఇప్పుడే లెక్క వేసికొనుట మేలు.

తుదకు ధర మాట. చేతిలోనున్న సొమ్మంతయు కారుకే పోయవద్దని మా మనవి. అయిదింట ఒక వంతు ప్రక్కన ఉంచి, మొదటి నెలలోనే బ్రేకులు, టైర్లు, గొట్టములు, నూనెలు సరిచేయించుకొనవలెను. పెద్దకారు ధర తగ్గును గాని దాని విడిభాగముల ధర తగ్గదు.

మా మిత్రులు ఆ కారును అమ్మలేదు. బ్రేకులన్నియు విప్పించి బాగుచేయించినారు. ఏ దినమున ఏ నూనె మార్చినదియు వ్రాసియుంచు చిన్న పుస్తకమొకటి ఇప్పుడు ఆ కారులో ఉన్నది. మొన్న మేము పోయినప్పుడు తల్లిగారితో కలసి అదే ఘాటు దిగినాము. బండి చిన్న గేరులో గురగురలాడుచు మెల్లగా దిగుచుండగా ఆమె హాయిగా నిద్రపోయినారు.