తక్కువ కొటేషను తెచ్చిన తంటా

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇస్తూ, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని చెప్పింది. ఏటా ఈ సభలో మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "బకాయిల సంగతి మేము చూసుకుంటాం గాని, మీరు ఏదైనా కొత్త విషయం చెప్పండి" అన్నారు. అందుకని నేను సినిమా డిస్కుల సంగతి ఎత్తుకున్నాను. ఈ వయసులో ఈయనకు సినిమాలేమిటని నవ్వకండి. ఈ కథ తిరిగి తిరిగి మన ఇళ్లలో అటక మీది అట్టపెట్టె దగ్గరికే వస్తుంది.

నేను 1970లో ఎల్.డి.సి.గా చేరి 2006లో రిటైరయ్యాను. 36 ఏళ్లలో ఎక్కువ భాగం రికార్డు రూములోనూ, కొనుగోళ్ల సీటులోనూ గడిచింది. 2007 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అమెరికాలో న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు ఉందామని వెళ్లాము. వాడు అప్పుడే గోడంత టీవీ కొన్నాడు. దానిలో బొమ్మ స్పష్టంగా రావాలంటే మామూలు డివిడి చాలదు, కొత్తరకం డిస్కు, దాన్ని ఆడించే కొత్తరకం మిషను కావాలన్నాడు. తీరా చూస్తే ఆ కొత్తరకం ఒకటి కాదు, రెండు. ఒకదాని పేరు బ్లూ-రే, రెండోదాని పేరు హెచ్.డి. డివిడి. దీని డిస్కు దానిలో ఆడదు, దాని డిస్కు దీనిలో ఆడదు.

బ్లూ-రే ఆడించే మిషను అప్పటికి 400 డాలర్లు ఉంది. హెచ్.డి. డివిడి మిషను మాత్రం నవంబరు మొదట్లో ఒకరోజు ప్రత్యేక అమ్మకంలో 100 డాలర్ల లోపుకే పెట్టారు. మన లెక్కలో నాలుగు వేల రూపాయల కన్నా తక్కువే. "నాన్నగారూ, మా ఆఫీసులో సగంమంది ఇదంటున్నారు, సగంమంది అదంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు మా అబ్బాయి.

"ఇందులో ఆలోచించేదేముందిరా? రెండూ చేసే పని ఒకటే అంటున్నావు. స్పెసిఫికేషను ఒకటే అయినప్పుడు తక్కువ కొటేషనే తీసుకోవాలి. ఎక్కువది తీసుకుంటే ఆడిట్ వాళ్లు వదలరు" అన్నాను. వాడు నా మాట మీద గౌరవంతో తక్కువదే కొన్నాడు. దానితోపాటు పన్నెండు సినిమా డిస్కులు కొన్నాడు. అవి మిషను ఖరీదుకు రెండింతలైనాయి. మూడున్నర నెలల తరువాత, 2008 ఫిబ్రవరి 19న, ఆ హెచ్.డి. డివిడిని పుట్టించిన తోషిబా కంపెనీయే ఇక తయారుచేయమని ప్రకటించింది. ఆ మిషను పాత డివిడిలను కూడా ఆడిస్తుంది గనుక పూర్తిగా మూలపడలేదు. కాని ఏ పనికోసం కొన్నాడో ఆ పని ఆ పన్నెండు డిస్కులతోనే ఆగిపోయింది. తప్పు కంపెనీది కాదు, దుకాణంవాడిది కాదు. సలహా ఇచ్చిన గుమాస్తాది.

ఎక్కడ పొరబడ్డానా అని తరువాత ఆ సంగతంతా చదివి తెలుసుకున్నాను. మీకూ క్లుప్తంగా చెబుతాను.

డిస్కు మీద సమాచారాన్ని లేజరు కిరణంతో చదువుతారు. కిరణం ఎంత సన్నమైతే అంత సన్నని రాత చదవవచ్చు. మనం లావు పాళీతో రాస్తే ఫుల్‌స్కేప్ కాగితంలో ఇరవై వరుసలు పడితే, సన్నపాళీతో నలభై పడతాయి. ఇదీ అంతే. పాటల సీడీకి 780 నానోమీటర్ల కిరణం, డివిడికి 650 నానోమీటర్ల ఎర్ర కిరణం వాడారు. కొత్త డిస్కులు రెండింటికీ ఒకే నీలి-ఊదా కిరణం, 405 నానోమీటర్లది. నీలి వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. దీపాన్ని సాధించినందుకు జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ విద్యలోంచే ఈ నీలి లేజరు కూడా వచ్చింది.

మరి కిరణం ఒకటే అయినప్పుడు తగాదా ఎందుకు? రాత డిస్కులో ఎంత లోతున ఉండాలన్న దగ్గర వచ్చింది. హెచ్.డి. డివిడిలో అది పాత డివిడిలాగే 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. అందుచేత పాత ఫ్యాక్టరీలను కొద్దిగా మార్చుకుని చౌకగా తయారుచేయవచ్చు. బ్లూ-రేలో పైకి దగ్గరగా, 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. కొత్త యంత్రాలు కావాలి, గీతలు పడకుండా గట్టి పూత వేయాలి. ఖర్చు ఎక్కువ. కాని ఒక పొరలో 25 గిగాబైట్లు పడుతుంది. రెండోదానిలో 15 మాత్రమే. ఒకరు చౌకను నమ్ముకున్నారు, ఇంకొకరు చోటును నమ్ముకున్నారు. పైగా ఎవరి పద్ధతి నెగ్గితే వారి పేటెంట్లకు డిస్కు డిస్కుకూ రాయల్టీ వస్తుంది.

సోనీ, ఫిలిప్స్ మొదలైన తొమ్మిది కంపెనీలు 2002 ఫిబ్రవరిలో బ్లూ-రేను ప్రకటించాయి. అదే ఏడాది తోషిబా, ఎన్.ఇ.సి. కలిసి తమ పద్ధతిని ముందుకు తెచ్చాయి. 2005లో ఇరుపక్షాలూ కూర్చుని ఒకే డిస్కుగా చేద్దామని మాట్లాడుకున్నాయి. ఆ 0.1, 0.6 దగ్గరే బేరం చెడింది. 2006లో రెండూ అంగళ్లలోకి దిగాయి.

విచిత్రమేమిటంటే వీరికి రాజీ తెలియకపోలేదు. పదేళ్ల ముందు డివిడి పుట్టేటప్పుడు కూడా సోనీ, ఫిలిప్స్ ఒకవైపు, తోషిబా, టైమ్ వార్నర్ ఇంకొకవైపు నిలిచాయి. అప్పుడు ఐ.బి.ఎం. తదితర కంప్యూటరు కంపెనీలు "మీరు రెండు తెస్తే మేము ఏదీ ముట్టుకోము, ఒకటే తెండి" అని పట్టుబట్టాయి. 1995 సెప్టెంబరులో రాజీ కుదిరి, ఇద్దరి పద్ధతుల్లోంచి కొంత కొంత తీసుకుని ఒకే డివిడి చేశారు. ప్రపంచమంతా కొనుక్కుంది. మనమూ కొనుక్కున్నాము. అంతకు ముందు వీడియో క్యాసెట్ల కాలంలో రాజీ లేదు. 1975లో సోనీ బీటామాక్స్ తెచ్చింది, 1976లో జె.వి.సి. కంపెనీ వి.హెచ్.ఎస్. తెచ్చింది. మొదటి బీటా క్యాసెట్టులో గంట మాత్రమే పట్టేది, వి.హెచ్.ఎస్.లో రెండు గంటలు పట్టేది. చివరకు 1988లో సోనీయే వి.హెచ్.ఎస్. మిషన్లు చేయవలసి వచ్చింది.

ఇక ఈ డిస్కుల పోరు తేల్చింది మిషను ధర కాదు, సినిమాలు. సోనీ తన ప్లేస్టేషన్ 3 ఆట మిషనులోనే బ్లూ-రే పెట్టి 2006 నవంబరు నుంచి అమ్మింది. పిల్లల ఆట కోసం కొన్నవారి ఇళ్లలోకి అది చెప్పకుండానే చేరిపోయింది. డిస్నీ, ఫాక్స్ బ్లూ-రే పక్షం. యూనివర్సల్ రెండో పక్షం. 2007 ఆగస్టులో పారమౌంట్ కూడా హెచ్.డి. డివిడి వైపు వెళ్లింది. రెండు పక్షాలకూ సినిమాలిస్తూ వచ్చిన వార్నర్ 2008 జనవరి 4న ఇకమీదట బ్లూ-రేకే అని చెప్పింది. దానితో తూకం ఒరిగింది. ఫిబ్రవరిలో పెద్ద పెద్ద దుకాణాలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. తోషిబా విరమించుకుంది. మరుసటి ఏడాది అదే కంపెనీ బ్లూ-రే మిషన్లు చేయడం మొదలుపెట్టింది.

మిత్రులారా, మన ఆఫీసులో టైపు మిషను కొనేటప్పుడు ధర ఒక్కటే చూసేవాళ్లమా? దీనికి రిబ్బను దొరుకుతుందా, రిపేరుకు మనిషి వస్తాడా అని అడిగేవాళ్లం కదా. అమెరికా వెళ్లేసరికి ఆ ప్రశ్న మరచిపోయి ధర ఒక్కటే చూశాను. అదీ నా పొరపాటు.

అయితే ఆ పొరపాటు నాకు ఒక మేలు చేసింది. 2008 మార్చిలో ఇంటికి రాగానే నాకు మా అటక మీది పెట్టె గుర్తుకు వచ్చింది. అందులో 1991లో జరిగిన మా అమ్మాయి పెళ్లి తాలూకు రెండు వీడియో క్యాసెట్లు ఉన్నాయి. మా అమ్మ 1994లో పోయింది. ఆమె ఫొటోలు ఉన్నాయి గాని, ఆమె గొంతు ఆ క్యాసెట్లలో తప్ప ఇంకెక్కడా లేదు. దించి చూస్తే ఒకదానికి తెల్లగా బూజు పట్టింది. బజారులో వీడియో షాపతను దాన్ని చూసి, "ఇది పెడితే నా మిషను హెడ్డు పోతుందండీ" అని ముట్టుకోలేదు. రెండోది ఆడింది. డివిడిలోకి ఎక్కించి ఇచ్చాడు.

పోయినదానిలో ముహూర్తం, తలంబ్రాలు ఉన్నాయి. మిగిలినదానిలో మరునాటి ఉదయం ఉంది. అందులో మా అమ్మ వసారాలో కూర్చుని మా ఆవిడతో, "అమ్మాయీ, వియ్యాలవారికి కాఫీలు అందాయో లేదో చూడు" అంటుంది. అంతే. మూడుముళ్లు పోయాయి, కాఫీల మాట మిగిలింది. ఆ ఒక్క మాట కోసం మా ఇంట్లో అందరూ ఏటా ఒకసారి కూర్చుంటారు. నాలుగు నెలలు ముందు మేలుకుని ఉంటే రెండోదీ దక్కేదేమో అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను జవాబు చెప్పను.

మరి గెలిచిన బ్లూ-రే మాటేమిటి? నెట్‌ఫ్లిక్స్ కంపెనీ 2007లోనే ఇంటర్‌నెట్ ద్వారా సినిమాలు చూపడం మొదలుపెట్టింది. ఇద్దరూ పోట్లాడుకుంటూ ఉండగానే మూడోవాడు గుమ్మంలోకి వచ్చాడు. మన ఊళ్లలో చాలా ఇళ్లకు బ్లూ-రే రానే లేదు. వి.సి.డి.ల నుంచి నేరుగా సెల్‌ఫోనుకు వచ్చేశాము. సినిమాల బ్లూ-రేలు ఇంకా వస్తున్నాయి గాని, మనం సొంతంగా రాసుకునే ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. వీడియో క్యాసెట్టు మిషన్లు చేస్తున్న చివరి జపాను కంపెనీ 2016లోనే మానుకుంది. ఓడినది రెండేళ్లకు పోతే, గెలిచినది ఇరవై ఏళ్లకు పోతుంది. తేడా అంతే.

కనుక ఏ డిస్కు మంచిదన్న ప్రశ్న మనకు అక్కరలేదు. రికార్డు రూములో మనం ఏం చేశాము? కాగితం చినిగేలోగా నకలు రాసి, సరిచూసి, సంతకం పెట్టాము. కాగితం శాశ్వతమని ఏనాడూ నమ్మలేదు. ఇదీ అంతే. నేను పాటిస్తున్న పద్ధతి చెబుతాను. క్యాసెట్టు ఆడుతుండగానే నకలు తీయించాలి. ఒకటి కాదు, రెండు నకళ్లు, రెండు వేరువేరు ఇళ్లలో ఉండాలి. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజునే ఆ నకళ్లను కూడా ఒకసారి ఆడించి, అవి బతికి ఉన్నాయో లేదో చూడాలి. కొత్తరకం వచ్చి పదిమంది ఇళ్లలో కనబడగానే దానిలోకి ఇంకో నకలు దించాలి. మా అమ్మ మాట డివిడిలోంచి హార్డ్ డిస్కులోకి, అక్కడినుంచి పెన్ డ్రైవులోకి వచ్చింది. ప్రతిసారీ తేదీ వేసి రిజిస్టరులో రాసుకున్నాను. పాత అలవాటు.

చివరిగా ఒక ప్రతిపాదన. నా దగ్గర పనిచేసే పాత వి.సి.ఆర్. ఒకటి ఉంది. దాన్ని కంప్యూటరుకు కలిపే సరంజామా మా మనవడు తెచ్చిపెట్టాడు. వాటిని సంఘ కార్యాలయంలో పెట్టిస్తాను. కార్యవర్గం అనుమతిస్తే ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం నేను కూర్చుంటాను. సభ్యులు తమ ఇళ్లలోని క్యాసెట్లు తీసుకురావచ్చు. ఇన్‌వార్డు నంబరు వేసి రశీదు ఇస్తాను. రుసుము లేదు. బూజు పట్టినవి మాత్రం ముందుగా చెప్పండి, మిషను ఒక్కటే ఉంది.

ఇంటికి వెళ్లగానే అటక మీది పెట్టె దించమని మీ పిల్లలకు చెప్పండి. రేపు కాదు, ఈ రాత్రికే.